చెయ్యి ‘జుయ్’మంటోందా అక్కయ్యా?

నెత్తురు అంటుకోని పూతల కథ: దోశె పెనం నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా

ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలిగింది. మా తోటికోడలు, నేను అక్కయ్య అని పిలుస్తాను, పూర్ణాలకి శనగపప్పు ఉడకేసి పక్క పొయ్యి మీద పులిహోర పోపు పెడుతోంది. చేతులనిండా కొత్త మట్టిగాజులు. పేరంటాళ్ళు వచ్చారు, వాయినాలు అందుకున్నారు, వెళ్ళారు. దీపాలు పెట్టే వేళకి అక్కయ్య నన్ను పెరట్లోకి పిలిచి మెల్లగా అంది.

“చెల్లీ, పొద్దుట్నించీ నా చెయ్యి జుయ్‌మనడం లేదే.”

నా గుండె గుభేలుమంది.

అక్కయ్యకి రెండేళ్ళుగా కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషనుకి నెత్తురు అందించడానికి ఎడమ చేతిలో, మోచేతికి పైన, చర్మం కింద పెన్సిలంత లావు మెత్తని గొట్టం అమర్చారు. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉందంటే గొట్టంలో నెత్తురు పారుతోందన్నమాట. ఆగిందంటే గడ్డకట్టిందన్నమాట.

“అయ్యో, పొద్దున్నే చెప్పొద్దా అక్కయ్యా!” అన్నాను.

“పూజ మధ్యలో ఆస్పత్రి అంటే బావగారు కంగారుపడతారు గదా. పేరంటం అయ్యాక చెబుదామని...”

మనం ఆడవాళ్ళం ఎప్పుడూ ఇంతే గదా! ఇంట్లో అందరి పనీ అయ్యాకే మన ఒళ్ళు మనకు గుర్తొస్తుంది.

రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని ఆస్పత్రికి వెళ్ళాం. సర్జనుగారు చెయ్యి పట్టి చూసి, స్కానింగు చేయించి, గడ్డ తీయాలన్నారు. మా బావగారు ఉండబట్టలేక అడిగేశారు.

“పూత ఉన్న గొట్టమైతే మంచిదన్నారని ఖరీదు ఎక్కువైనా అదే వేయించాం గదండీ. గడ్డకట్టదన్నారే?”

“గడ్డకట్టదని కాదండీ, తొందరగా గడ్డకట్టనివ్వదని. రెండిటికీ తేడా ఉంది,” అన్నారాయన.

తెల్లవార్లూ వరండా బెంచీ మీద కూర్చుని ఆ తేడా గురించే ఆలోచించాను. గొట్టానికి పూతేమిటి? పూత ఉన్నా నెత్తురెందుకు గడ్డకట్టింది? తర్వాత తీరుబడిగా ఆ డాక్టరుగారిని అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్న సంగతులివి. ఇందులో కుట్టుమిషను ఉంది, గంజి ఉంది, నాన్‌స్టిక్ పెనం కూడా ఉంది. అంచేత ఇది మనం చదవాల్సిన కథే!

నెత్తురుకి తోడు ఎవరు వేస్తారు?

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగుతుంది. కాసేపు కారి నెత్తురు ఆగిపోతుంది. అలా గడ్డకట్టే గుణమే లేకపోతే ఒక్క కత్తిపీట గాటుతో ప్రాణం మీదికొచ్చేది. మరి అదే నెత్తురు ఒంట్లో రాత్రింబవళ్ళు తిరుగుతున్నా ఎందుకు గడ్డకట్టదు?

పాలు వాటంతట అవి పెరుగు కావు, తోడు పడాలి. నెత్తురు సంగతీ కాస్త అలాంటిదే. గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా అందులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘ఇక్కడ దెబ్బ తగిలింది’ అన్న కబురు అందాలి, అంతే. ఆ కబురే తోడు. ముందుగా ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మమైన రక్తకణాలు వచ్చి అతుక్కుంటాయి. వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే సన్నటి పోగులు సాలెగూడులా అల్లుకుంటాయి. ఆ వలలో ఎర్రకణాలు చిక్కుకుని గడ్డ తయారవుతుంది.

మన రక్తనాళాల లోపలి గోడకి దేవుడిచ్చిన పూత ఒకటుంది. (వాడుకలో వీటిని మనం ‘నరాలు’ అంటాం గానీ అసలు నరాలు వేరు. నెత్తురు పారేవి రక్తనాళాలు.) ఒకే ఒక్క వరస జీవకణాలు, గచ్చు మీద పలకలు పరిచినట్టు పక్కపక్కనే పరుచుకుని ఉంటాయి. వాటిని ఎండోథీలియం అంటారు. ఇది ఊరికే నున్నగా ఉండే పొర మాత్రం కాదు. ప్లేట్‌లెట్లని దగ్గరికి రానివ్వకుండా నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాలు వదులుతుంది. గడ్డ కట్టబోతే ఆపే పదార్థం దీని ఒంటి మీదే అంటి ఉంటుంది. ఎక్కడైనా చిన్న గడ్డ కట్టినా కరిగించే మందు కూడా తనే తయారుచేస్తుంది.

బయటి నుంచి తెచ్చి పెట్టిన గొట్టానికి ఇవేమీ లేవు. నెత్తురు తగిలిన కొద్ది క్షణాల్లోనే అందులోని ప్రోటీన్లు గొట్టం గోడకి అంటుకుంటాయి. ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ అంటుకున్న చోట ప్లేట్‌లెట్లు వాలతాయి. గొట్టం కాస్తా నెత్తురు కంటికి ఒక పుండులా కనబడుతుందన్నమాట. అంతే, తోడు పడినట్టే!

గొట్టం వెడల్పుగా ఉంటే ప్రవాహం జోరుకి చాలామటుకు కొట్టుకుపోతుంది. పెద్ద కాలువలో పూడిక ఆలస్యంగా పేరుతుంది, పిల్లకాలువ ఇట్టే పూడిపోతుంది గదా! అంచేతనే గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనికి గుడ్డ గొట్టం వేస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. 6 మిల్లీమీటర్ల కంటే సన్నని కృత్రిమ గొట్టాలు మాత్రం తొందరగా మూసుకుపోతాయి. గుండె బైపాస్ ఆపరేషన్‌లో కాలి నుంచి సిరనో, ఛాతీ లోపలి ధమనినో తీసి వాడేది అందుకే. అంత సన్నని చోట మన సొంత రక్తనాళానికి సాటివచ్చే గొట్టం ఇంకా రాలేదు.

పట్టుదారంతో మొదలు

ఇదంతా ఒక కుట్టుతో మొదలైంది. 1947లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థర్ వూరీస్ అనే యువ సర్జను కుక్క గుండె మీద ప్రయోగం చేస్తున్నాడు. కొన్నాళ్ళ కిందట కుట్టిన పట్టుదారం ఒకటి గుండె గది లోపల బయటపడి ఉంది. దాని చుట్టూ మెరుస్తున్న నున్నటి పొర పట్టింది. ‘దారానికే ఒళ్ళు ఇలాంటి పొర తొడిగితే, గుడ్డతో చేసిన గొట్టానికి మాత్రం తొడగదా?’ అని అతనికి తోచింది. మొదట పట్టు రుమాలుతో, తర్వాత వినియాన్-ఎన్ అనే కృత్రిమ గుడ్డతో గొట్టాలు కుట్టి చూశాడు. 1952లో తోటివాళ్ళతో కలిసి ఆ ఫలితాలు ప్రకటించాడు. గుడ్డ గొట్టం రక్తనాళంగా పనికొస్తుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఇక రెండో కథ మనకింకా బాగా నచ్చుతుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ అనే సర్జను ఉండేవాడు. లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. వాళ్ళమ్మ చక్కగా కుట్టుపని చేసేది, కొడుక్కీ నేర్పింది. ‘మగపిల్లాడికి సూదీ దారం ఎందుకు’ అనుకోలేదావిడ! 1950ల తొలిరోజుల్లో ఆయన నైలాన్ గుడ్డ కొందామని బట్టల దుకాణానికి వెళ్తే నైలాన్ అయిపోయింది, డెక్రాన్ అనే కొత్తరకం ఉందన్నారు. సరేనని అదే కొనుక్కుని ఇంటికొచ్చి, భార్య కుట్టుమిషను మీద కూర్చుని గొట్టాలు కుట్టాడు. 1954లో అలాంటి డెక్రాన్ గొట్టాన్ని రోగికి అమర్చాడు.

డెక్రాన్ అంటే మరేమిటో అనుకునేరు, పాలియెస్టరే. మన టెరిలిన్ చొక్కాలూ, టెరికాటన్ గుడ్డలూ ఏ పోగుతో నేశారో అదే పోగు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలోని టెక్స్‌టైల్ కాలేజీకి చెందిన థామస్ ఎడ్మన్ సాయంతో, అతుకు లేకుండా గొట్టాన్ని అల్లే మిషను తయారైంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, డిబేకీకే బృహద్ధమని గోడ చీలింది. తను మెరుగులు దిద్దిన ఆపరేషనే 2006 ఫిబ్రవరిలో ఆయనకి చేశారు, డెక్రాన్ గొట్టం వేశారు. ఆయన కోలుకుని 2008 దాకా, ఇంకో రెండు నెలల్లో నూరేళ్ళు నిండుతాయనగా, బతికాడు. కుట్టుమిషను విద్య ఆఖరికి ఆయన్నే కాపాడింది!

గంజి పెట్టిన గొట్టాలు

అల్లిన గుడ్డకి కన్నాలుంటాయి గదా, నెత్తురు కారిపోదూ? కారిపోయేది. అందుకని సర్జన్లు ఒక ఉపాయం చేశారు. రోగి నెత్తురే కొంచెం తీసి అందులో గొట్టాన్ని నానబెట్టి, కన్నాలు గడ్డతో మూసుకున్నాక వాడేవారు. మనం నేత చీరకి గంజి పెట్టినట్టే. విచిత్రం చూడండి, గొట్టానికి వేసిన తొలి పూత గడ్డకట్టిన నెత్తురే!

తర్వాత ఆ పని ఫ్యాక్టరీలోనే చేయసాగారు. కొల్లాజెన్, జెలటిన్, ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లతో ముందే పూత పూసి పంపుతారు. కొన్నాళ్ళకి ఆ పూత ఒంట్లో కరిగిపోతుంది, ఈలోపల శరీరం తన కండతో కన్నాలు పూడుస్తుంది. ఈ పూతలు నెత్తురు కారకుండా ఆపేవే. లోపల గడ్డకట్టకుండా ఆపేవి వేరు.

నాన్‌స్టిక్ పెనమూ, రక్తనాళమూ

దోశె పెనానికి అంటుకుంటే మనమేం చేస్తాం? ఉల్లిపాయ చెక్కతో నూనె రాస్తాం. అంతకీ విసుగొస్తే నాన్‌స్టిక్ పెనం కొంటాం. ఆ నాన్‌స్టిక్ పూత పేరు టెఫ్లాన్. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్తకి అనుకోకుండా దొరికింది. ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు చేపలు పట్టే సరంజామాకి దాన్ని పూస్తుంటే, భార్య కొలెట్ ‘అదేదో నా పెనాలకి పూయరాదా’ అందట. 1954 నాటి మాట. ఆ ఇల్లాలి పుణ్యమే నాన్‌స్టిక్ పెనం!

1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అదే టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి మెల్లగా సాగదీస్తే పుటుక్కున తెగిపోతోంది. విసుగొచ్చి ఒక్క గుంజు గుంజాడు. ఆశ్చర్యం! తెగలేదు సరికదా, ఎన్నో రెట్లు సాగింది. పీచుమిఠాయిలా సన్నటి పోగులూ, మధ్యన గాలి ఖాళీలూ ఉన్న మెత్తని పదార్థం వచ్చింది. మా అక్కయ్య చేతిలో ఉన్న గొట్టం ఆ జాతిదే. కాళ్ళకి నెత్తురు అందనివాళ్ళకి వేసే గొట్టాల్లోనూ ఇది విరివిగా వాడతారు.

కానీ అట్టు అంటుకోని చోట నెత్తురు అంటుకుంటుంది. నాన్‌స్టిక్ అయినంత మాత్రాన ప్రోటీన్లు వాలకుండా ఉండవు. అంచేత ఆ నున్నటి గొట్టం మీద ఇంకో పూత కావలసి వచ్చింది.

వరినాటు లాంటి పూత

1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి, నెత్తురు గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టనివ్వని పదార్థాన్ని కనిపెట్టాడు. వెతికింది ఒకటి, దొరికింది దానికి పూర్తి ఎదురు! ఆ దారిలోనే తర్వాత హెపారిన్ మందు వచ్చింది. గ్రీకు భాషలో ‘హెపర్’ అంటే కాలేయం, మొదట అక్కడ దొరికింది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. నెత్తురులో సహజంగా ఉండే యాంటీత్రాంబిన్ అనే కాపలాదారుకి బలమిచ్చి, గడ్డకట్టించే పదార్థాల్ని అడ్డుకునేలా చేయడం దీని పని.

మరి ఆ మందును గొట్టానికే అంటిస్తే? 1960ల మొదట్లో అమెరికన్ సర్జను విన్సెంట్ గాట్ బృందం గ్రాఫైట్ పూత మీద హెపారిన్‌ని పట్టించింది. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటే. ఆ పూత ఉన్నచోట నెత్తురు తొందరగా గడ్డకట్టలేదు. అయితే అలా పట్టించిన హెపారిన్ కాలక్రమాన కడుక్కుపోతుంది. ఇస్త్రీ గంజి ఎన్ని ఉతుకులు ఆగుతుంది చెప్పండి!

1980ల్లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీనికి మంచి దారి కనిపెట్టారు. వరి నారు ఎలా నాటుతారు? వేరు బురదలో, కొస గాలిలో ఉండాలి. నారుకట్ట విప్పి పొలంలో అడ్డంగా పారేస్తే పంట వస్తుందా? హెపారిన్ పోగు కూడా అంతే. గోడకి నిలువెల్లా అంటుకుపోతే పనిచేయదు. ఒక్క చివర మాత్రం గట్టిగా నాటుకుని, మిగతాది నెత్తురు ప్రవాహంలో ఊగుతూ ఉంటే కాపలాదారుని పట్టుకోగలదు. అలా నాటిన పూత ఉన్న టెఫ్లాన్ గొట్టాలు 2000ల తొలి ఏళ్ళలో యూరప్‌లోనూ, తర్వాత అమెరికాలోనూ వాడకంలోకి వచ్చాయి. ఇందులో మందు నెత్తురులోకి వదలడం ఉండదు. గోడ మీద నిలబడే తన పని చేస్తుంది.

లాభమెంత? స్కాండినేవియా దేశాల్లో కాళ్ళకి బైపాస్ చేయించుకున్న ఐదువందల మందికి పైగా రోగుల్ని రెండు జట్లు చేసి పరీక్షించారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం, ఏడాది తర్వాత మామూలు గొట్టాలు నూటికి 80 తెరుచుకుని ఉంటే, హెపారిన్ పూత ఉన్నవి నూటికి 86 తెరుచుకుని ఉన్నాయి. నూటికి ఆరు ఎక్కువ. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఆ ఆరుగురిలో మనింటి మనిషి ఉంటే చిన్నదా?

మరి అక్కయ్య చెయ్యెందుకు ఆగింది?

పూత నెత్తురు గడ్డకట్టకుండా చూస్తుంది గానీ, మన ఒళ్ళు చేసే ఇంకో పనిని ఆపలేదు. గొట్టం మన సిరతో కలిసే అతుకు దగ్గర, ప్రవాహం ఒత్తిడికి సిర గోడ మెల్లమెల్లగా మందమెక్కుతుంది. వంటింటి తూములో జిడ్డు పేరుకున్నట్టు దారి సన్నబడుతుంది. దారి సన్నబడితే ప్రవాహం మందగిస్తుంది. మందగించిన నెత్తురు గడ్డకడుతుంది. డయాలసిస్ గొట్టాలు ఆగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. అందుకే వీటిలో హెపారిన్ పూత ఫలితాలు ఒక్క తీరుగా లేవు. మొదటి రోజుల్లో మేలు కనబడినా, పోనుపోను తేడా అంతగా కనబడని పరీక్షలున్నాయి.

అక్కయ్యకి జరిగిందీ అదే. అతుకు దగ్గర సన్నబడి ఉంది. ముందురోజు డయాలసిస్‌లో బీపీ బాగా పడిపోయింది. పైగా వ్రతమని ఉపవాసం, చేతికి బిగుతు గాజులు, రాత్రి అదే చెయ్యి తలకింద పెట్టుకుని నిద్ర. అన్నీ కలిసొచ్చాయి. డాక్టరుగారు గడ్డ తీసి, సన్నబడిన చోట బెలూన్‌తో వెడల్పు చేశారు. రెండోరోజు పొద్దున్న అక్కయ్య చేతి మీద వేళ్ళు ఆనిస్తే... మళ్ళీ జుయ్! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. “ఇంకా ఆలస్యమైతే దీన్ని వదిలేసి మెడలో గొట్టం వేయాల్సి వచ్చేదమ్మా,” అన్నారు డాక్టరుగారు.

జారుడు మొక్క నేర్పిన పాఠం

కొత్త పూతల కోసం వెతుకులాట ఆగలేదు. మేఘాలయ కొండల్లో కీటకాలని తినే కూజా మొక్క ఒకటుంది. దాని మూతి తడిగా, ఎంతో జారుడుగా ఉంటుంది. వాలిన పురుగు జారి లోపల పడుతుంది. ఈ జాతి మొక్కల్ని చూసి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వీస్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, గొట్టం గోడ మీద పల్చని ద్రవపు పొర నిలిచేలా ఒక పూత తయారుచేశారు. 2014లో ప్రకటించిన ప్రయోగంలో, ఆ పూత ఉన్న గొట్టాల్లో పంది నెత్తురు ఎనిమిది గంటల పాటు, పలచబరిచే మందు లేకుండానే, ఆగకుండా పారింది. గోడలెక్కే బల్లి కూడా ఆ పూత మీద నిలబడలేక జారిపోయింది! ఎనిమిది గంటలు వేరు, మనిషి ఒంట్లో ఎనిమిదేళ్ళు వేరు అనుకోండి. అయినా ఆశ కలిగించే సంగతే.

నైట్రిక్ ఆక్సైడ్‌ని కొద్దికొద్దిగా వదిలే పూతల మీదా పరిశోధన సాగుతోంది. ఇంకో దారి కూడా ఉంది. మనిషి కణాలతో ప్రయోగశాలలో రక్తనాళాన్ని పెంచి, తర్వాత ఆ కణాల్ని కడిగేసి, మిగిలిన గొట్టాన్ని వాడటం. అలాంటి దానికి 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం, ప్రమాదాల్లో కాళ్ళూ చేతుల రక్తనాళాలు తెగినవాళ్ళ కోసం అనుమతి ఇచ్చింది.

మన దేశమూ వెనకబడి లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ళ తరబడి కష్టపడి, ఒకదాని తర్వాత ఒకటి నమూనాలు విఫలమైనా వదలకుండా, దేశీయ గుండె కవాటాన్ని తయారుచేసింది. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి రోగికి అమర్చారు. అక్కడా పెద్ద సమస్య ఇదే: నెత్తురు తగిలే ప్రతి వస్తువూ నెత్తురుతో సఖ్యంగా ఉండాలి.

ఇంట్లో మనం చేయాల్సినవి

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మీకు తెలుసు. మన ఊళ్ళలోనూ డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. సొంత ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్ట్యులా ఉన్నా, కృత్రిమ గొట్టం ఉన్నా ఈ జాగ్రత్తలు తప్పవు.

• పొద్దున్న లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు వేళ్ళు ఆనించి అదురు చూసుకోండి. లేకపోతే పూజైనా, పెళ్ళయినా ఆపి వెంటనే డయాలసిస్ కేంద్రానికి ఫోను చేయండి.

• ఆ చేతికి బిగుతు గాజులు, వంకీలు, వాచీ, బిగుతు జాకెట్టు చేతులు వద్దు. గాజులు రెండో చేతికి నిండుగా వేసుకోండి, ఎవరూ ఏమనుకోరు.

• ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది గుచ్చి నెత్తురు తీయనివ్వకండి. నర్సమ్మకి మీరే గుర్తుచేయండి.

• నీళ్ళ బిందె, బియ్యం సంచీ ఆ చేత్తో మోయొద్దు. కూరల బుట్ట మోచేతికి తగిలించుకోవద్దు. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవద్దు.

• సూది గుచ్చిన చోట పసుపు, కాఫీపొడి అద్దకండి. కృత్రిమ గొట్టానికి చీము పడితే గొట్టమే తీసేయాల్సి రావచ్చు. ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి.

• వేళ్ళు చల్లబడి నల్లగా మారినా, సూది చోటు నుంచి నెత్తురు ఎంతసేపు నొక్కినా ఆగకపోయినా అశ్రద్ధ చేయొద్దు.

• కాలికి బైపాస్ అయినవాళ్ళింట్లో బీడీ, సిగరెట్, చుట్ట బంద్! పొగ మానకపోతే ఎంత ఖరీదైన పూతా నిలవదు. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట తాగే పెద్దమ్మలకీ ఈ మాట వర్తిస్తుంది.

మీరడగబోయే ప్రశ్నలు

పూత ఉంది గదా, ఆస్పిరిన్ మానేయొచ్చా?

వద్దు. పూత పని పూతది, మాత్ర పని మాత్రది. పన్ను తీయించుకోవాలన్నా సరే, డాక్టరుని అడక్కుండా మానొద్దు.

ఆకుకూరలు తినకూడదంటారు, నిజమేనా?

అందరికీ కాదు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఈ పట్టింపు. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకుల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అయినా పూర్తిగా మానక్కర్లేదు. ఒకరోజు గిన్నెడు తిని వారమంతా ముట్టకపోవడం మంచిది కాదు. రోజూ ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పకూడదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి పొటాషియం పట్టింపు వేరే ఉంటుంది, వాళ్ళు తమ డాక్టరు చెప్పిన పథ్యమే పాటించాలి.

హెపారిన్ పూత అందరికీ పడుతుందా?

చాలామందికి పడుతుంది. కొద్దిమందికి హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయే విరుద్ధ ప్రభావం ఉంటుంది. ఇదివరకు అలా జరిగి ఉంటే ఆపరేషన్‌కి ముందే తప్పక చెప్పాలి.

ఖరీదైన పూత గొట్టమే వేయించుకోవాలా?

డయాలసిస్‌కి వీలైతే ముందుగా సొంత రక్తనాళాలతో ఫిస్ట్యులానే మేలంటారు. మన ఆడవాళ్ళకి సిరలు సన్నగా ఉండి ఒక్కోసారి కుదరదు. అప్పుడే గొట్టం. ఏ రకం గొట్టం అన్నది ఎక్కడ వేస్తున్నారు, ఎంత సన్నని చోట అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘దీనివల్ల మా మనిషికి అదనంగా లాభమెంత?’ అని సర్జనుని మొహమాటపడకుండా అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ “చెయ్యి జుయ్‌మంటోందా అక్కయ్యా?” అని అడుగుతాను. ఆవిడ తన వేళ్ళు ఆనించి చూసుకుని, నా చెయ్యి కూడా లాగి ఆనిస్తుంది. “ఇదిగో, నువ్వే చూడు.” బావగారు పేపరు చదువుతూ ఓరకంట మావైపు చూస్తారు, ఏమీ అనరు. ఆ అదురు తగిలాకే మా ఇంట్లో పొద్దు పొడిచినట్టు. వచ్చే శ్రావణానికి ఆవిడ కుడిచేతి గాజులు నేనే కొంటానని మాటిచ్చాను, రెండు డజన్లు!